వాడేసిన మాట

పెళ్ళి నిజమైనదేనని చూపించడానికి ఇరవై ఫోటోలు తెమ్మన్నారు. ఇల్లంతా వెతికి, రెండు ఫోన్లూ గాలిస్తే ఆ భార్యాభర్తల దగ్గర తేలినవి ఏడు. ఆ ఏడింటిలో అయిదింట్లో ఆమె తల్లి మధ్యలో పడుకుని ఉంది.

టైపు సెంటరావిడ ఆ ఏడింటినీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి, నుదుటి మీదున్న కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని చూసింది. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఎదురు సందులో, రెండు కుర్చీలు పడితే మూడోది పట్టని గదిలో, ఆవిడ ఏళ్ళ తరబడి జంటల ఫారాలు నింపుతోంది. ఎంతమందికి నింపిందో అంతమంది కాపురాల గుట్టూ ఆవిడకి తెలుసు.

"ఇది పెళ్ళి ఆల్బమా తల్లీ, ఆస్పత్రి ఆల్బమా?" అంది.

"మాకు తీసేవాళ్ళెవరండీ? ఫోను మందుసీసాకి ఆనించి తీసుకున్నవే అన్నీ."

"అది సరే. ఇందులో మీ ఆయన చెయ్యి ఎక్కడుందో చూశారా? మీ భుజం మీద ఉండాలి. మీ అమ్మగారి వీపు కింద ఉంది."

"అప్పుడు దిండు జారిపోతోందండీ," అన్నాడు అతను గుమ్మంలోంచి. రెండో కుర్చీ నిండా ఫైళ్ళుండడంతో అతను ద్వారబంధం తలకి తగలకుండా మెడ వంచుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె తల్లి అతన్ని 'పొడుగబ్బాయ్' అనేది. పోయేదాకా వేరే పేరు పెట్టి పిలవలేదు.

అతను సరిహద్దు అవతలివాడు. ఆమె ఇక్కడే పుట్టింది. ఇద్దరిదీ ఒకటే భాష, కాయితాలే వేరు. ఆమె భర్తగా అతను ఇక్కడ ఉండిపోవచ్చో లేదో తేల్చడానికి మొదటిసారి ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి పది నిమిషాల్లో పంపేశారు. రెండోసారి గురువారం పొద్దున పదింటికి రమ్మని ఉత్తరం వచ్చింది. అందులో 'విడివిడిగా' అని ఉంది. ఆ ఒక్క మాట కోసమే సోమవారం సాయంత్రం ఆమె పని నుంచీ, అతను డ్యూటీకి పోతూనూ ఇటు వచ్చారు.

"ఇప్పుడు నేను ఆఫీసర్ని," అంది టైపు సెంటరావిడ. "చెప్పండమ్మా, మీ ఆయన మంచం మీద ఏ వైపు పడుకుంటారు?"

ఆమె అతని వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు.

"అటు చూడకూడదు. గురువారం అటు గోడ ఉంటుంది."

"అమ్మ గదిలో పడుకుంటాడండీ. రాత్రిళ్ళు రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పాలి కదా, లేకపోతే వీపు పుండు పడిపోతుంది. అప్పట్నుంచీ అక్కడే."

"అమ్మగారు పోయి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు."

"మరి నాలుగు నెలల్నుంచీ ఎవర్ని తిప్పుతున్నాడు?"

బయట బస్సు ఆగి వెళ్ళిపోయింది. అతను గొంతు సవరించుకుని, "మీరు తాళంచెవి తెచ్చారా, నేను ఇట్నుంచి ఇటే డ్యూటీకి పోవాలి," అన్నాడు ఆమెతో.

టైపు సెంటరావిడ చెయ్యి పైకెత్తింది. "ఆగండాగండి. మీరు ఈవిడని 'మీరు' అంటారా?"

"అవునండీ."

"ఈవిడ మిమ్మల్ని?"

"నువ్వంటారు."

"గురువారం ఒక్కరోజుకి తిరగెయ్యండి బాబూ, పుణ్యముంటుంది. అసలే ఆవిడకి నలభై తొమ్మిది, మీకు ముప్పై ఎనిమిది. యజమానురాలూ పనివాడూ వచ్చారనుకుంటారు." ఆవిడ ఫోటోలు దగ్గరికి జరిపి కొసలు సరిచేసింది. "మంచం సంగతి కూడా చూసుకోండి. ఉన్నదంతా చెప్పడానికి కాదు వాళ్ళు పిలిచేది. ఫారంలో పట్టేది చెప్పి వచ్చెయ్యండి. ఎందుకు పెళ్ళి చేసుకున్నారంటే ఏం చెప్తారు?"

"ఇష్టపడి చేసుకున్నామండీ," అన్నాడు అతను వెంటనే.

"అదీ! అలా గుక్క తిప్పుకోకుండా చెప్పాలి."

ఆమె ఫోటోలు కవరులో పెట్టుకోవడంలో మునిగిపోయి ఉంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అతను రెండుసార్లు పెదాలు కదిపి, మూడోసారి ధైర్యం చేశాడు. బెంచీ చూపించి, "నువ్వు... కూర్చోండి," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది గానీ బస్సు వచ్చేసింది.

మంగళవారం ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఎక్కువ వచ్చాయి. ఆమె పని పెద్ద ఇస్త్రీ రోలరు దగ్గర. ఇద్దరు ఆడవాళ్ళు ఒక పక్క తడి దుప్పటి అంచులు పట్టుకుని రోలరుకి అందిస్తే, అవతలి పక్క ఇద్దరు వేడిగా బయటికొచ్చేదాన్ని అందుకుని మడుస్తారు. దుప్పటి చెరో కొసా పట్టుకుని వెనక్కి నడవాలి, దులపాలి, ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి. పదహారేళ్ళుగా ఆమె ముంజేతుల మీద రోలరు అంచు తగిలిన గీతలు గోధుమరంగులో వరసగా పడి ఉన్నాయి.

"బ్రష్షు రంగు అడుగుతారటగా?" అంది జతమనిషి కొసలు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు. "మా ఆయన అసలు పళ్ళు తోముకుంటాడో లేదో నాకే అనుమానం. నన్ను పిలిస్తే ఆ పూటే విడాకులు."

ఆమె నవ్వి వెనక్కి నడిచింది. మళ్ళీ దగ్గరికొచ్చినప్పుడు జతమనిషి గొంతు తగ్గించింది.

"ఒకమాటడుగుతా, ఏమనుకోకు. ఇక్కడ ఉండే కార్డు చేతికొచ్చాక ఆయన ఉంటాడంటావా?"

"ఏమో."

"నీ మంచికే అంటున్నా. మీ అమ్మకి చేశాడు, కాదనను. కానీ వయసులో ఉన్నవాడు. నిన్ను చూసి చేసుకున్నాడా, కాయితం చూసి చేసుకున్నాడా?"

ఈ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. కొట్లో సామాన్లు కట్టే ఆవిడ అతన్ని చూసి "మీ తమ్ముడా?" అని, కాదంటే ఓ క్షణం ఆగి "ఓహో" అంది. మొదటి ఇంటర్వ్యూలో ఆఫీసరు నోటితో అనలేదు గానీ అతన్నీ ఆమెనీ మార్చిమార్చి చూశాడు. అందరూ ఆమె మీద జాలితోనే అడుగుతారు. జాలికి ఎదురు చెప్పడం కష్టం. ఆమె దుప్పటి నాలుగు మడతలు వేసి దొంతర మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కింది.

ఆ సాయంత్రం ఇద్దరూ తల్లి మంచం విప్పారు. అది తల పక్క ఎత్తడానికి చక్రంలా తిప్పే పిడి ఉన్న ఇనప మంచం. అతను పనిచేసే వృద్ధాశ్రమం వాళ్ళు పాతదని తీసేస్తుంటే అతనే ఆటోలో వేయించుకొచ్చాడు. అతను నేల మీద వెల్లకిలా పడుకుని కింద నుంచి బోల్టులు వదులు చేస్తుంటే ఆమె పైన చట్రం కదలకుండా పట్టుకుంది. ఒక్కో బోల్టూ తీసి ఆమె దోసిట్లో వేశాడు. ఒకటి తుప్పు పట్టి రాలేదు. కొబ్బరినూనె చుక్క వేసి, ఊదుతూ, బతిమాలుతున్నట్టు మాట్లాడుతూ పది నిమిషాలు దాంతోనే ఉన్నాడు. మంచం విడిపోయాక గది హఠాత్తుగా పెద్దదైపోయింది. నేల మీద నాలుగు కాళ్ళ చోటా నాలుగు తెల్లటి గుండ్రాలు.

"వసారాలో పెట్టనాండీ?"

"పెట్టు. తడవకుండా పట్టా కప్పు."

బుధవారం పొద్దున అతను టీ పెడుతుంటే ఆమె వెనకాల నిలబడి, "రాత్రి నన్ను రెండుసార్లు పక్కకి తిప్పావు, తెలుసా?" అంది.

అతని చేతిలో గరిటె ఆగిపోయింది. "నేనా?"

"భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి. నిద్రలోనే. తిప్పి, వీపు మీద దుప్పటి సర్ది, మళ్ళీ పడుకున్నావు."

"అయ్యో. అలవాటండీ. లేపేశానా?"

"లేదు," అంది ఆమె. నిజానికి రెండోసారి తర్వాత ఆమెకి నిద్ర పట్టలేదు. మోచెయ్యి ఆనకుండా, గోరు తగలకుండా ఒక మనిషి ఇంకో మనిషిని అలా తిప్పగలడని తల్లి ఉన్నన్నాళ్ళూ ఆమె చూస్తూనే వచ్చింది. తన ఒంటికి తెలియడం అదే మొదలు.

గురువారం వాళ్ళని తొమ్మిదింటికే గేటు దగ్గర నిలబెట్టారు. సంచులు వెతికారు, నంబరు చీటీ ఇచ్చారు. ప్లాస్టిక్ కుర్చీల మీద ఇంకో నాలుగు జంటలు ఎవరి పెదాలు వాళ్ళు కదుపుకుంటూ పాఠాలు అప్పజెప్పుకుంటున్నట్టు కూర్చున్నాయి. పదకొండున్నరకి ఒకతను వచ్చి నంబరు పిలిచి, అతన్ని ఎడమ చేతి గదిలోకీ ఆమెని కుడి చేతి గదిలోకీ పంపాడు.

ఆఫీసరమ్మకి ముప్పై అయిదుకి మించి ఉండవు. జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. బల్ల మీద ఫైలు, గోడకి గడియారం. అంతే.

ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎవరు ముందు లేస్తారు? ఇంటి తాళాలు ఎన్ని? పోయిన ఆదివారం ఏం చేశారు? ఆయన బ్రష్షు రంగేమిటి? బ్రష్షు రంగు ఆమె సరిగ్గానే చెప్పింది.

"పడుకునేది ఒకే గదిలోనా?"

"ఒకే గదిలో."

"మొదట్నుంచీనా?"

ఆమె టైపు సెంటరావిడ చెప్పింది గుర్తు తెచ్చుకుంది. గుర్తు తెచ్చుకుంటూనే, "మంగళవారం నుంచి," అంది.

పెన్ను ఆగింది. ఆఫీసరమ్మ ఫోటోలు తీసి ఒక్కోటి చూసింది. తర్వాత కుర్చీలో కొంచెం ముందుకి వంగింది. గొంతు మెత్తబడింది.

"ఆయన మిమ్మల్ని మీరు అంటారా, నువ్వంటారా?"

"మీరంటాడు."

"మీ దగ్గర పనిచేసేవారా?"

"వృద్ధాశ్రమంలో పనిచేసేవాడు. ఇప్పుడూ అక్కడే. అమ్మని మొదట అక్కడే ఉంచాను."

"చూడండమ్మా, ఇలాంటి కేసులు నేను వారానికి పది చూస్తాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, పర్మిట్ అయిపోతున్న కుర్రాళ్ళు. మిమ్మల్ని నేను తప్పుపట్టడం లేదు. మోసపోయినవాళ్ళకి శిక్షేమీ ఉండదు." సొరుగులోంచి ఒక కాయితం తీసి ఆమె వైపు జరిపింది. "ఇక్కడ సంతకం పెడితే మీరు పిటిషన్ వెనక్కి తీసుకున్నట్టు. మిగతాది మేం చూసుకుంటాం."

"మిగతాది అంటే?"

"ఆయన్ని పంపించేస్తాం."

ఆమె ఆ కాయితం చదవలేదు. కిందనున్న గీత మాత్రం కనబడింది, సంతకం కోసం గీసింది. ఆమెకి ఒక్కసారిగా చాలా అలసటగా అనిపించింది. ఎనిమిది గంటలు రోలరు దగ్గర నిలబడ్డా రాని అలసట. పక్క గదిలో అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని, ప్రతిదానికీ "అవునండీ" అంటూ ఉంటాడు. ఇక్కడ తను ఊఁ అంటే చాలు, అతను దొంగ అవుతాడు, తను పాపం పిచ్చిది అవుతుంది.

"మీరు తిరగేసి అడుగుతున్నారమ్మా," అంది.

"అంటే?"

"అతను నన్నెందుకు చేసుకున్నాడని అందరూ అడుగుతారు. నేను అతన్నెందుకు చేసుకున్నానని ఒక్కరూ అడగరు."

ఆఫీసరమ్మ ముక్కు తుడుచుకుంది. "సరే. ఎందుకు చేసుకున్నారు?"

"అమ్మని తిప్పడానికి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇంక ఆపడం చేతకాలేదు.

"ఆశ్రమంలో మూడు నెలలకి మించి ఉంచుకునేది లేదన్నారు. ఇంటికి తెచ్చుకుంటే నేను పనికెళ్ళాలి. ముగ్గురు ఆయాల్ని పెట్టాను. ఒకామె ఎత్తలేకపోయింది, ఒకామె పడేసింది, ఒకామె చెప్పకుండా మానేసింది. అమ్మ వీపు మీద నా గుప్పెడంత పుండు. ఆశ్రమంలో అతను తిప్పినన్నాళ్ళూ ఒక్క పుండూ లేదు. అతని పర్మిట్ ఇంకో అయిదు వారాల్లో అయిపోతుందని అక్కడి వంటావిడ చెప్పింది. అతను నన్నేం అడగలేదు. నేనే వెళ్ళాను. ఆశ్రమం ఎదురు బస్ స్టాపులో కూర్చుని, నువ్వంటే నాకిష్టం, పెళ్ళి చేసుకుందాం అన్నాను. ఇష్టమూ లేదు, ఏమీ లేదు. అతని చేతులు కావాలి నాకు. ఉన్నమాట చెబితే భయపడి వెళ్ళిపోతాడేమోనని అలా అన్నాను. మోసం జరిగిందంటే చేసింది నేను. మీరు పట్టుకుంటే నన్ను పట్టుకోవాలి."

"ఇది నేను రాసుకుంటే మీ పిటిషనే పోవచ్చు. తెలుసా?"

తెలియలేదు. అన్నాకగానీ తెలియలేదు. అతన్ని దొంగ కాకుండా చేద్దామనుకుని అతని కాళ్ళ కింద చాపే లాగేసింది. కానీ ఇప్పుడు కాదంటే అదింకో అబద్ధం. రెండున్నరేళ్ళుగా మోసిన మొదటిదే చాలు.

"రాసుకోండి," అంది.

ఆఫీసరమ్మ రాసింది. తల ఎత్తకుండా అడిగింది. "అమ్మగారు పోయారు కదా. ఇప్పుడెందుకు ఉంటున్నారు మరి?"

"సాయంత్రం అతనొచ్చే బస్సు ఆలస్యమైతే నేను కిటికీ దగ్గరికి పదిసార్లు వెళ్తాను. ఎందుకు వెళ్తానో మీరే ఏదో ఒకటి రాసుకోండి."

ఆఫీసరమ్మ లేచి బయటికెళ్ళి, కాసేపటికి చేతిలో ఇంకో కాయితంతో వచ్చింది. వెనకాల అతను. అతను ఆమె పక్క కుర్చీలో కూర్చుని, అంతా బాగా జరిగిందన్నట్టు ఆమెని చూసి తల ఊపాడు. ఇస్త్రీ చొక్కా ఇంకా నలగలేదు.

"పక్క గదిలో మీరు చెప్పిన జవాబు చదువుతాను," అంది ఆఫీసరమ్మ అతనితో. "ఆవిడ మిమ్మల్నెందుకు చేసుకున్నారని అడిగితే: 'ఆవిడకి నేనంటే ఇష్టం. బస్ స్టాపులో తనే చెప్పారు. అంతకుముందు నాతో ఎవరూ ఆ మాట అనలేదు.' ఇది మీరు చెప్పిందేనా?"

"అవునండీ."

ఆమె తల దించుకుంది. తర్వాత ఆఫీసరమ్మ ఆమె చెప్పింది చదివింది. పైకి, తాపీగా, ఒక్క మాటా వదలకుండా. అమ్మ వీపు, ముగ్గురు ఆయాలు, వంటావిడ, అయిదు వారాలు. ఇష్టమూ లేదు ఏమీ లేదు. అతని చేతులు కావాలి నాకు. అతను కొంచెం ముందుకి వంగి, మాట తడబడే ముసలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు శ్రద్ధగా విన్నాడు. వినడం అయ్యాక ఒళ్ళో ఉన్న చేతుల్ని ఒకసారి చూసుకున్నాడు.

"ఇది మీకు ముందే తెలుసా?"

"తెలీదండీ."

"అయితే మిమ్మల్నడగాలి," అంది ఆఫీసరమ్మ. "ఈ పిటిషన్ ముందుకి వెళ్ళడం మీకు ఇష్టమేనా? ఆవిడతో కలిసుంటారా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి."

ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా ఆ ప్రశ్న ఆమెనే అడిగారు. సంతకం ఆమెది, పౌరసత్వం ఆమెది, ఉంచుకోవడమూ పంపెయ్యడమూ ఆమె ఇష్టం. ఇప్పుడు ఆమె మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, నంబరు చీటీ నలుపుతూ, అతను ఏమంటాడా అని కూర్చుంది. అతని వైపు చూసే హక్కు తనకుందో లేదో తెలియలేదు.

అతను జవాబిచ్చినప్పుడు గొంతు ఎప్పటిలాగే ఉంది.

"ఆవిడ అబద్ధం నాతో చెప్పారండీ. మీతో నిజమే చెప్పారు. నాతో చెప్పింది మేం ఇంట్లో చూసుకుంటాం. మీ కాయితంలో ఏం రాయాలో మీరు రాసుకోండి."

ఆఫీసరమ్మ అతన్నీ, ఆమెనీ చూసింది. మార్చిమార్చి కాదు, ఇద్దర్నీ కలిపి. సొరుగులోంచి తీసిన ఆ సంతకం కాయితం మళ్ళీ సొరుగులోకి పోయింది. ఒక తుమ్ము తుమ్మి, ఫైలు చివరి పేజీలో రెండు లైన్లు రాసి ముద్ర వేసింది. "రెండేళ్ళకి కార్డు ఇస్తున్నాం. రెండేళ్ళయ్యాక మళ్ళీ రావాలి. చిట్టీ కౌంటర్లో తీసుకోండి," అంది. అప్పటికే గోడ గడియారం ఒంటిగంట దాటింది. ఆవిడ ఇంకా భోజనం చేసినట్టు లేదు.

బయట ఎండ. గేటు దగ్గర అతను చిట్టీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నేను ఇట్నుంచి ఇటే డ్యూటీకి వెళ్తానండీ. భోజనానికి చూడకండి," అన్నాడు. రోడ్డు దాటి అవతలి బస్సెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండా ఉండడానికి కష్టపడ్డట్టు కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు అయ్యి ఆమె ఇంటికొచ్చేసరికి వసారాలో పట్టా మడిచి ఉంది. ఇనప మంచం మళ్ళీ తల్లి గదిలో ఉంది. నాలుగు కాళ్ళూ ఆ నాలుగు తెల్లటి గుండ్రాల మీద సరిగ్గా నిలబెట్టి, బోల్టులన్నీ బిగించి, పరుపు మీద దుప్పటి అంచులు ఆస్పత్రి పద్ధతిలో లోపలికి దోపి పెట్టాడు. తను ఒక్కడే ఎలా ఎత్తాడో. వంటింట్లో ఆమెకి అన్నం వండి మూత పెట్టి ఉంది. ఆమె నిలబడే రెండు ముద్దలు తిని మళ్ళీ మూత పెట్టేసింది.

శనివారం లాండ్రీలో జతమనిషి, "కార్డు వచ్చిందటగా! స్వీట్లేవీ?" అంది.

"తెస్తాలే."

"ఏంటలా ఉన్నావు? వెళ్ళిపోతానన్నాడా?"

"ఏమీ అనలేదు."

"అనకపోతే మంచిదేగా."

అతను తిడితే బాగుండును, తలుపు విసిరికొడితే బాగుండును. వండి పెట్టి, మంచం బిగించి, మాట్లాడకుండా పనికెళ్ళిపోయే మనిషితో ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. దుప్పటి కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ నడుస్తూ గోడకి తగిలి ఆగింది. జతమనిషి అవతలి కొసన నిలబడి ఎదురు చూస్తోంది.

ఆ సాయంత్రం బస్సు ఆలస్యమైంది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళకూడదనుకుని బట్టలు మడవడం మొదలుపెట్టింది. అడుగుల చప్పుడు మెట్ల మీద ఒక్కోటీ ఆగి ఆగి వినబడితే అతనివి కావనుకుంది. తలుపు తెరుచుకుంది. అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒక భుజం పైకి, ఒకటి కిందికి. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది?"

"నడుం పట్టేసిందండీ."

ఆమె పరిగెత్తినట్టే వెళ్ళి చంక కింద చెయ్యి వేసింది. అతను బరువంతా ఆనించకుండా, అడుగు అడుగుకీ ఆగుతూ, కుర్చీ దాకా వచ్చి దాని అంచున నిదానంగా కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"పడ్డావా?"

"లేదు. పన్నెండో మంచం పెద్దాయన్ని ఎత్తాను. రోజూ ఎత్తే మనిషే." ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు. "కోపంతో ఎత్తానండీ. కోపంతో ఎత్తకూడదు. మోకాళ్ళు వంచి, దగ్గరగా పట్టుకుని, ఎత్తుతున్నానండీ అని ఆయనకి చెప్పి ఎత్తాలి. చెప్పకుండా ఎత్తితే మనిషి బిగుసుకుపోతాడు, బరువు రెండింతలవుతుంది. పన్నెండేళ్ళుగా కొత్తవాళ్ళందరికీ నేనే నేర్పుతున్నాను ఇది."

"ఆయనకేమైనా..."

"ఆయనకేం కాలేదు. నన్ను చూసి ఆయనే కంగారుపడ్డాడు."

ఆమె వేడినీళ్ళ కోసం లేవబోయింది. అతను కళ్ళు తెరిచాడు.

"మీరు ఉన్నమాట చెప్పి ఉండాల్సిందండీ ఆ రోజు. అమ్మని చూసుకోడానికి మనిషి కావాలి, నీకు కాయితం కావాలి, రా అంటే నేను రానా? వచ్చేవాణ్ణే. ఇష్టం అననక్కర్లేదు. అన్నారు కాబట్టి నేను..." తర్వాతి మాట కోసం అతను గోడ వైపు చూశాడు. అది దొరకలేదో, దొరికినా అనదలచుకోలేదో, వదిలేశాడు. "రెండున్నరేళ్ళు, పొద్దున లేవగానే ఆ మాటే గుర్తొచ్చేది నాకు."

ఆమె అతని ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే అతను లేచి ఓదార్చడానికి చూస్తాడని తెలుసు.

"ఇప్పుడు అందామన్నా ఆ మాట అనలేను," అంది. "ఒకసారి అబద్ధానికి వాడేశాను. మళ్ళీ అదే మాట నీకెలా ఇవ్వను? వేరే మాట ఏదైనా ఉందేమోనని మూడు రోజుల్నుంచీ చూస్తున్నాను. లేదు."

అతను ఆమె తలవైపు చూశాడు. పాపిడి దగ్గర తెల్లబడ్డ వెంట్రుకలు, చెవుల వెనక లాండ్రీ ఆవిరికి అంటుకుపోయిన ముంగురులు. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి ప్రయత్నిస్తున్నారు. అది పట్టుకోవడం లేదు. మళ్ళీ, మళ్ళీ. చివరికి పట్టుకుని వెళ్ళిపోయింది.

"అనకండి," అన్నాడు. "వంగలేకపోతున్నాను. ఈ బూట్లు విప్పండి."

ఆమె అతని కుడి కాలు తన మోకాలి మీదకి తీసుకుంది.